జివాన్షీ బోర్డు కింద ఏడో దర్జీ

తెల్లవారుజాము. న్యూయార్కులో ఐదో అవెన్యూ. రోడ్డు మీద పురుగు లేదు. పసుప్పచ్చ టాక్సీ ఒకటి వచ్చి ఆగుతుంది. నల్ల గౌను, నల్ల కళ్ళద్దాలు, మెడలో ముత్యాల పేటలు, మోచేతులు దాటిన తొడుగులు - ఒకమ్మాయి దిగి నగల దుకాణం అద్దం ముందు నిలబడుతుంది. కాగితం సంచీలోంచి బన్నులాంటిదేదో తీసి కొరుక్కుంటూ కాఫీ తాగుతుంది. మాటా లేదు, మంతీ లేదు.

1961లో వచ్చిన ‘బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్’ మొదటి సీను ఇది. దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్స్, ఆ అమ్మాయి ఆడ్రీ హెప్‌బర్న్. నేను ఈ సీను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు గానీ, చూసిన ప్రతిసారీ ఆడ్రీ కంటే ముందు ఆమె వీపే కనిపిస్తుంది నాకు. అవునండీ, వీపే! కెమెరా వెనకనుంచి చూపిస్తుంది కదా, ఆ గౌను వెనక వైపు కత్తిరించిన తీరు చూడండి. ముందు వైపు ఏ హంగూ లేకుండా వదిలేసి, పనితనమంతా వెనక దాచిన దర్జీ ఎవడో గట్టివాడే అనిపిస్తుంది.

ఆ దర్జీ పేరు ఉబేర్ ద జివాన్షీ. పలకడానికి కాస్త నాలుక తిరగాలి. ఫ్రాన్సు దేశస్థుడు, 1927లో బోవే పట్టణంలో పుట్టాడు. ఆ సినిమా కోసం తయారైన గౌన్లలో ఒకటి 2006 డిసెంబరులో లండన్ క్రిస్టీస్ వారి వేలంలో 4,67,200 పౌన్లకు పోయింది. అందులో మనకు సంబంధించిన ముక్క కూడా ఒకటుంది. జివాన్షీ ఆ గౌనును రచయిత డొమినిక్ లాపియేర్‌కు ఇచ్చేశాడు, ఆయన మన దేశంలో బీదలకోసం నడిపే సేవాసంస్థకు డబ్బు సమకూరాలని. ‘సిటీ ఆఫ్ జాయ్’ రాసిన లాపియేరే ఈయన. కలకత్తా మురికివాడల మీద రాసిన పుస్తకం పేరే సంస్థకూ పెట్టుకున్నాడు.

ఈ వారం చెప్పదలచుకున్నది గౌను గురించి కాదు, దాన్ని కుట్టిన ఇంటి గురించి. ఇల్లు కట్టినవాడు వెళ్ళిపోయాడు. బోర్డు అలాగే ఉంది. 1995 నుంచి 2024 దాకా ఆ బోర్డు కింద ఏడుగురు కూర్చున్నారు. ఆరుగురు వచ్చారు, పోయారు. ఏడో మనిషి ఒక స్త్రీ. ఆమె పని ఎంత కష్టమో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1952 ఫిబ్రవరిలో జివాన్షీ పారిస్‌లో సొంత దుకాణం తెరిచాడు. అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. చేతిలో డబ్బు లేదు. ఖరీదైన పట్టు కొనలేక చొక్కాలకు వాడే మామూలు నూలు గుడ్డతో జాకెట్లు కుట్టాడు. ఆనాటి పేరున్న మోడల్ బెత్తీనా పేరే ఒక జాకెట్టుకు పెట్టాడు. పైదొకటి, కిందదొకటి విడివిడిగా కొని ఇష్టమొచ్చినట్టు జత చేసుకోమన్నాడు. ఇప్పుడు మనకది వింత కాదు. ఆనాటి పారిస్ గొప్పింటి ఆడవాళ్ళకు మాత్రం వింతే.

మరుసటి ఏడు వేసవిలో, మిస్ హెప్‌బర్న్ వస్తున్నారని కబురొచ్చింది. హాలీవుడ్ మహానటి కాథరిన్ హెప్‌బర్న్ అనుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. తీరా వచ్చింది సన్నగా, పొడుగ్గా, బిగుతు పంట్లాము, నెత్తిన గడ్డి టోపీతో ఒక పిల్ల! ‘రోమన్ హాలిడే’ ఇంకా యూరప్ థియేటర్లకు రాలేదు, ఆమె ఎవరో ఆయనకు తెలియదు. ‘సబ్రీనా’ సినిమాకు దుస్తులు కావాలంది. తన కొత్త దుస్తుల పనిలో తలమునకలై ఉన్నాడు, కుదరదన్నాడు. పోనీ సిద్ధంగా ఉన్నవాటిలోంచే ఏరుకుంటానంది. ఏరుకుంది. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

‘సబ్రీనా’ కథ తెలుసుగా? కారు డ్రైవరు కూతురు వంట నేర్చుకోవడానికి పారిస్ వెళ్ళి, దొరసానిలా తిరిగొస్తుంది. ఆ మార్పు చూపించడానికి బిల్లీ వైల్డర్ డైలాగులు ఖర్చుపెట్టలేదు, బట్టలు మార్చాడు. అంటే సగం కథ జివాన్షీ కత్తెర చెప్పింది. మరి 1955లో ఆ సినిమాకు దుస్తుల విభాగంలో ఆస్కార్ ఎవరికిచ్చారు? స్టూడియో డిజైనర్ ఈడిత్ హెడ్‌కి! టైటిల్సులో జివాన్షీ పేరే లేదు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. (మన ‘మహానటి’కి జాతీయ అవార్డుల్లో దుస్తుల బహుమతి వచ్చినప్పుడు ఇంద్రాక్షీ పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు - ముగ్గురి పేర్లూ ప్రకటించారు. ఆ మాత్రం న్యాయం 1955లో ఆయనకు దక్కలేదు.)

ఆడ్రీ మాత్రం మరిచిపోలేదు. ‘ఫన్నీ ఫేస్’, ‘లవ్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్’, ‘షరేడ్’, ‘హౌ టు స్టీల్ ఎ మిలియన్’ - అన్నింటికీ ఆయన దుస్తులే. ఆమె కోసం చేయించిన సెంటు 1957లో ‘లాంతెర్దీ’ పేరుతో బజారుకొచ్చింది. అంటే ‘నిషిద్ధం’ అని. ప్రకటనల్లో ఆమె బొమ్మే వేశారు. నలభై ఏళ్ళ స్నేహం వాళ్ళది. 1992 డిసెంబరులో ఆమె జబ్బుతో ప్రయాణం చేయలేని స్థితిలో ఉంటే, అమెరికానుంచి స్విట్జర్లాండులోని ఇంటికి చేర్చడానికి ప్రత్యేక విమానం ఏర్పాటు చేయించిందీ ఆయనే. మరునెలలో ఆమె పోయింది.

ఇక్కడే చిక్కంతా ఉంది. దుకాణానికి ఇంతకు మించిన ఆస్తి లేదు, ఇంతకు మించిన బరువూ లేదు. జివాన్షీ అనగానే జనం కళ్ళ ముందుకొచ్చేది ఒకే మనిషి, ఒకే నల్ల గౌను. తర్వాత వచ్చినవాడు ఎంత గొప్పగా కుట్టనీ, “ఆడ్రీ ఏదీ?” అంటారు. పోనీ ఆడ్రీలాగే కుడితే, “ఇంకా పాత చింతకాయ పచ్చడేనా?” అంటారు.

1988లో జివాన్షీ తన సంస్థను ఎల్‌వీఎంహెచ్ అనే పెద్ద వ్యాపార సముదాయానికి అమ్మేశాడు. ఏడేళ్ళు అక్కడే పనిచేసి 1995లో కత్తెర కింద పెట్టాడు. పేరు ఆయనది, వారసుణ్ణి ఎంచే హక్కు మాత్రం యజమానిది. ఆయన 2018 మార్చిలో, 91వ ఏట కన్నుమూశాడు. అంటే రెండు దశాబ్దాలకు పైగా, తన పేరు కుట్టిన పట్టీ వేసుకున్న బట్టలు తనవి కాకుండా బజారులోకి వెళ్తుంటే చూస్తూ బతికాడన్న మాట. మన బ్యానర్ల సంగతి మీకు తెలియంది కాదు. తెర మీద విజయా వారి పేరు పడగానే హాల్లో ఒక ధైర్యం ఉండేది. ఆ ధైర్యం పేరులో ఉందా, నాగిరెడ్డి-చక్రపాణి గార్లలో ఉందా? ఇదీ అలాంటి ప్రశ్నే.

మొదట జాన్ గలియానో వచ్చాడు. నాటకంలాంటి దుస్తులు, ఆర్భాటం. నిలదొక్కుకునే లోపే 1996లో ఆయన్ని డియోర్‌కు మార్చారు. అదీ అదే యజమానిదే లెండి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చినట్టు. తర్వాత అలెగ్జాండర్ మెక్వీన్. లండన్ టాక్సీ డ్రైవరు కొడుకు, వయసు 27. కత్తెర పట్టుకుంటే మాంత్రికుడు. ఆయన్నే ఎందుకు తెచ్చారో గానీ ఆయన మనసు ఇక్కడ లేదు. 1997 జనవరిలో తెలుపు, బంగారు రంగుల్లో చేసిన మొదటి ప్రదర్శనను విమర్శకులు చీల్చి చెండాడారు. 2001లో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత జూలియన్ మక్‌డొనాల్డ్ మూడేళ్ళున్నాడు.

2005లో ఇటలీనుంచి రికార్దో తీషీ వచ్చాక ఇల్లు కుదుటపడింది. ఎనిమిది మంది అక్కల తర్వాత పుట్టిన తమ్ముడట. ఆడ్రీ జోలికి పోలేదు. నలుపు, లేసు, చర్చి ఛాయలు, కుక్క తల అచ్చేసిన చొక్కాలు! పన్నెండేళ్ళు నడిపాడు. నా లెక్కలో ఆ ఆరుగురిలో దుకాణానికి కొత్త మొహం ఇచ్చినవాడు ఈయనొక్కడే. కాకపోతే ఆ మొహం ఆయనదే, ఆయనతోపాటే 2017లో వెళ్ళిపోయింది.

తర్వాత క్లేర్ వెయిట్ కెలర్, ఆ పీఠం మీద కూర్చున్న మొదటి స్త్రీ. 2018 మేలో మేగన్ మార్కల్ పెళ్ళి గౌను ఆమె కుట్టిందే. అయిదు మీటర్ల మేలిముసుగు మీద 53 కామన్‌వెల్త్ దేశాల పువ్వులు సూదిపనితో దించారు. మన దేశం తరఫున తామరపువ్వు. ప్రపంచమంతా ఆ పెళ్ళి చూసింది. ఇంతకన్నా పబ్లిసిటీ ఎవరికి దొరుకుతుంది? అయినా రెండేళ్ళకే, 2020లో ఆమె వెళ్ళిపోయింది. పెళ్ళి గౌను చూసినవాళ్ళందరూ దుకాణానికి వచ్చి సంచీలు కొనరు మరి.

ఆ “సంచీలు కొనడం” సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. కొలతలు తీసుకుని చేత్తో కుట్టే ఖరీదైన గౌన్లు కొనగలిగినవాళ్ళు లోకంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. వాటికి వారాల తరబడి పని. పారిస్‌లో ఆ కుట్టుపనివాళ్ళకు ‘చిన్న చేతులు’ అని ముద్దుపేరు. గౌన్లు పేరు తెస్తాయి, డబ్బు తెచ్చేది సెంట్లు, లిప్‌స్టిక్కులు, చేతిసంచీలు. పేరు పెంచే పని ఖర్చుది, పేరు అమ్మే పని లాభానిది. లాభం తగ్గినప్పుడల్లా ముందు పేరు పెంచే పని ఆపుతారు. జివాన్షీలో కూడా చేతికుట్టు గౌన్ల ప్రదర్శనలు తీషీ కాలంలో ఆగాయి, 2018లో కెలర్ మళ్ళీ మొదలుపెట్టింది, ఆమె వెళ్ళగానే మళ్ళీ ఆగాయి. విత్తనాల గింజలు వండుకు తినడం లాంటిది ఇది!

ఆరోవాడు అమెరికాకు చెందిన మాథ్యూ విలియమ్స్. తాళంకప్పల్లాంటి ఇనప సామాను, వీధి కుర్రాళ్ళ పోకడ. 2024 రాకముందే ఆయన కథ ముగిసింది. ఆ తర్వాత తొమ్మిది నెలలు కుర్చీ ఖాళీ.

నన్నడిగితే తప్పు ఈ ఆరుగురిలో ఎవరిదీ కాదు. ప్రతి ఒక్కరూ వచ్చీరాగానే ముందువాడు కట్టిన గోడ పడగొట్టాల్సి వచ్చింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నది బట్టల వ్యాపారానికి సరిపోతుందేమో గానీ, బట్టల *ఇంటికి* సరిపోదు. అయిదేళ్ళకోసారి మొహం మారే ఇంటికి చుట్టాలెలా వస్తారు? పైగా యజమాని ఈ ఒక్క దుకాణం లెక్కలు విడిగా బయటపెట్టడు. కాబట్టి ఎవరి హయాములో ఎంత లాభమో, ఎంత నష్టమో బయటివాళ్ళు చెప్పే కబుర్లన్నీ ఊహలే.

2024 సెప్టెంబరులో సారా బర్టన్ పేరు ప్రకటించారు. ఈమె ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆ మెక్వీన్ శిష్యురాలు! 1996లో, అంటే ఆయన జివాన్షీకి ఎంపికైన ఏడాదే, చదువుకుంటూ ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరింది. 2010లో గురువు పోయాక ఆయన సొంత సంస్థను భుజాన వేసుకుని పదమూడేళ్ళు నడిపింది. 2011లో కేట్ మిడిల్టన్ పెళ్ళి గౌను ఆమెదే. పోయినవాడి పేరు కింద తలవంచుకుని పనిచేయడం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు. అలాంటి మనిషి, తన గురువును జనం చీల్చి చెండాడిన ఇంటికే వచ్చి కత్తెర పట్టింది.

వచ్చి ఏం చేసింది? ఆడ్రీ ఫొటోలు ముందేసుకుని కూర్చోలేదు. 1952 నాటి మొట్టమొదటి దుకాణం భవనంలో, గోడలో దాచిన పొట్లాలు బయటపడ్డాయి. విప్పి చూస్తే జివాన్షీ మొదటి ప్రదర్శన నాటి కత్తిరింపు నమూనాలు! గౌను కాదు, గౌనుకు ముందుండే కాగితం. బర్టన్ అక్కడనుంచి మొదలుపెట్టింది. ఆడ్రీ ఇంకా గుమ్మం తొక్కని నాటి జివాన్షీ దగ్గరనుంచి అన్న మాట. నాకు ఆమె మీద నమ్మకం కలిగింది సరిగ్గా ఇక్కడే. దర్జీ పనిని దర్జీ పనితోనే పలకరించింది, సినిమా బొమ్మతో కాదు. సినిమా పత్రికలో రాసేవాణ్ణి ఇలా అనకూడదేమో!

2025 మార్చి 7న, జార్జ్ ఫిఫ్త్ అవెన్యూలో సంస్థ సొంత భవనంలోనే ఆమె మొదటి ప్రదర్శన జరిగింది. పెద్ద మైదానాలూ, లైట్ల హోరూ లేవు. మొదటి అమ్మాయి వల లాంటి బిగుతు తొడుగుతో వచ్చింది. గుండెల మీద అక్షరాలు: జివాన్షీ, పారిస్, 1952. తర్వాత నల్ల కోట్లు, నడుము దగ్గర నొక్కి తుంటి దగ్గర వదిలిన కత్తిరింపులు. కొన్ని కోట్లు వెనక్కి ముందు వేసినట్టు, గుండీలు వీపు మీదకొచ్చేలా కుట్టింది. మళ్ళీ వీపే చూడండి!

విమర్శకులు చాలామంది మెచ్చుకున్నారు. మెప్పు తేలికే. తీషీకి దొరికినట్టు పన్నెండేళ్ళు దొరుకుతాయా, గలియానోకిలా మొక్క వేరు పట్టకముందే పీకేస్తారా అన్నది ఆమె చేతిలో లేదు, పద్దు పుస్తకాలు చూసేవాళ్ళ చేతిలో ఉంది.

అన్నట్టు, ప్రదర్శనకు అయిదు రోజుల ముందే ఆమె కుట్టిన దుస్తులు ఆస్కార్ వేదిక దగ్గర కనబడ్డాయి. మార్చి 2న ఉత్తమ నటుడి పోటీలో ఉన్న తిమోతీ షాలమే ఎర్ర తివాచీ మీదకు జివాన్షీ సూటు వేసుకొచ్చాడు. చుట్టూ మగవాళ్ళందరూ నల్ల కోట్లలో ఉంటే, అతనొక్కడూ నఖశిఖపర్యంతం వెన్నలాంటి పసుపు రంగు. బహుమతి అతనికి రాలేదు. మర్నాడు పేపర్లలో ఫొటో మాత్రం అతనిదే.