దాచేపల్లి నీళ్ళకేం తక్కువ?

మాది పల్నాడులోని దాచేపల్లి అనగానే గుంటూరులో ఒక అక్వేరియం కొట్టాయన పెదవి విరిచాడు. "మీ నీళ్ళలో మొక్కలేం బతుకుతాయండీ! ఆర్వో నీళ్ళు పోయండి, సీఓటూ సిలిండర్ పెట్టండి. అంత ఓపిక లేకపోతే ప్లాస్టిక్ మొక్కలున్నాయి, పట్టుకెళ్ళండి" అన్నాడు. ఈ మాట ఆయనొక్కడిదే అయితే ఊరుకుందును. చేపల తొట్టి పెట్టిన ప్రతివాడి నోటా ఇదే పాట. మనవాళ్ళే మన నీళ్ళను చులకన చేస్తుంటే ఒళ్ళు మండుతుంది.

మా బోరు నీళ్ళు ఉప్పనే, ఒప్పుకుంటా. తవ్వితే నాపరాయి, పక్కన పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలు, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. సున్నపురాతిలో ఊరిన నీళ్ళలో కాల్షియం, బైకార్బొనేటు ఉండక పన్నీరుంటుందా? బకెట్ అంచున తెల్లగా పేరుకునేది ఆ సున్నమే. కార్బన్ డయాక్సైడ్, అదే ఆయన చెప్పిన సీఓటూ, చాలనప్పుడు చాలా నీటిమొక్కలు ఈ బైకార్బొనేటునే వాడుకుని బతుకుతాయి. హార్న్‌వర్ట్ అలాంటిదే. మన చెరువుల్లోనూ కనబడే మొక్క, వేళ్ళే ఉండవు. ఈకల్లాంటి ఆకులతో తేలుతూనే పెరుగుతుంది, నాటే పని కూడా లేదు. సిలిండర్ లేకుండా చెరువులో పెరిగేది తొట్టిలో ఎందుకు పెరగదో ఆ కొట్టాయనే చెప్పాలి.

మరి చచ్చేదేది? ఆయన ముందువరసలో పెట్టి అమ్మే కబొంబ. అమెరికా ఖండాల మొక్క. దానికి సున్నం తక్కువున్న, కాస్త పులుపు తిరిగిన నీరు కావాలి. కాల్షియం ఎక్కువైతే ఎదగదు, పీహెచ్ 8 దాటితే ఆకు రాల్చి కాడ మిగులుస్తుంది. అమ్మేటప్పుడు ఈ సంగతి ఎవరైనా చెప్పారా? చెప్పరు. మిరప పండే రేగడిలో యాపిల్ నాటి, ఎండిపోయాక నేలను తిట్టినట్టుంది ఈ వ్యవహారం.

ఇక ఆర్వో. తాగడానికి వద్దనను, ఫ్లోరైడ్ ఉన్నచోట దాని అవసరం దానిది. కానీ లీటరు నీళ్ళివ్వడానికి రెండు మూడు లీటర్లు మోరీలోకి వదిలే యంత్రాన్ని చేపల తొట్టి కోసం తిప్పడమా? వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే పల్నాడులోనా? వింత ఇంకా ఉంది. ఆర్వో నీళ్ళలో ఖనిజాలుండవట, అందుకని కాల్షియం, మెగ్నీషియం కలిపిన పొడి డబ్బా మళ్ళీ కొనాలట! తీసేయడానికో యంత్రం, కలపడానికో డబ్బా. పైగా మనవాళ్ళు ఎక్కువగా పెంచే గప్పీలకు, మాలీలకు సున్నపు నీళ్ళే హాయి. వాటిని ఆర్వోలో వేసి, నీరసపడ్డాయని మందు కొనేవాళ్ళని చూశాను.

సిలిండర్ మోజుకు ఊపు జపాన్ నుంచి వచ్చింది. అక్కడి తకాషి అమానో 1982లో నీటిమొక్కల తొట్ల కంపెనీ పెట్టి, తొట్టిలో అడవులు సృష్టించాడు. 2015లో లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల తొట్టి కట్టాడు. మహానుభావుడు, ఆయనకు సిలిండర్లు కావలసివచ్చాయి. నట్టింట్లో రెండడుగుల తొట్టికెందుకు? మొక్కలుంటే రాత్రిపూట ఆక్సిజన్ చాలక చేపలు చస్తాయనే వాళ్ళూ ఉన్నారు. ఆ తొట్టిలో ఎన్ని చేపలు కుక్కారో ముందు లెక్కపెట్టుకోమనండి.

అంబులియా పేరుతో అమ్మే ఈకమొక్క సంగతి ఇంకా బాగుంటుంది. లిమ్నోఫిలా జాతి, మన దేశపు వరిమళ్ళలో మొలిచే కలుపు. ఇక్కడ పీకి గట్టుమీద పారేస్తాం. అమెరికా వాళ్ళు దాన్ని తొట్టిమొక్కగా తెప్పించుకుని, కాలువల్లోకి పాకాక హానికర కలుపుల జాబితాలో చేర్చారు. సున్నపు నీటిని బాగానే ఓర్చుకుంటుంది. కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండు తీసేసి, కాడలు విడివిడిగా ఎడంగా గుచ్చండి. నీటిమట్టానికి ఎదిగాక పైభాగం కత్తిరించి మళ్ళీ గుచ్చితే అదో మొక్క, కింద మోడు పక్క కొమ్మలేస్తుంది. మా వైపు రెంటచింతల ఎండల సంగతి తెలిసిందే కాబట్టి మే నెలలో తొట్టిని కిటికీ దగ్గర పెట్టొద్దు. మిగతాది పెంచుతుంటే మీకే తెలుస్తుంది.

చివరగా ఒక జాగ్రత్త. 2020లో కేరళలోని కోళిక్కోడ్ జిల్లా ఆవళ పాండిలో నీళ్ళన్నీ గులాబీరంగు పూలతో నిండితే జనం ఎగబడి ఫొటోలు దిగారు. అది కబొంబే! అక్వేరియం వ్యాపారం వెంట దేశాలు దాటిన జాతి. గుర్రపుడెక్కను కూడా ఒకప్పుడు పూవు అందంగా ఉందనే తెచ్చారు, ఇప్పుడు చెరువుల్లోంచి తీయలేక చస్తున్నాం. కాబట్టి కత్తిరించిన ముక్కల్ని నాగులేట్లోకో సాగర్ కాలువలోకో విసరొద్దు. ఎండబెట్టి పూలకుండీలో వేయండి.