దేవుని వెలుగు అబద్ధమాడదు

ఆకాశంలో సృష్టికర్త మహిమను చూడమని 19వ కీర్తన మనల్ని పిలుస్తోంది. అయితే ఆకాశం చెప్పేది వినడానికి మన సంఘాలు భయపడుతున్నాయేమోనని మాకనిపిస్తుంది.

నక్షత్రాలను పరిశీలించడం ఒకప్పుడు కలిగినవారికే సాధ్యమయ్యేది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంతంగా వేధశాల కట్టించుకున్నారు. ఇంగ్లండులో ఐజాక్ రాబర్ట్స్ అనే భవన నిర్మాణ కాంట్రాక్టరు 1888లో ఆండ్రోమెడా గెలాక్సీని గంటల తరబడి ఫొటో తీసి, దాని సుడి ఆకారాన్ని లోకానికి స్పష్టంగా చూపించాడు. ఇప్పుడు గుడ్లవల్లేరులో ఒక కాలేజీ కుర్రాడు సైతం ఆ పని చేయగలడు. మంచి కెమెరా, భూభ్రమణానికి తగినట్టు దాన్ని మెల్లగా తిప్పే మోటారు స్టాండు ఉంటే చాలు. డిసెంబరు రాత్రి వీధి దీపాలకూ చేపల చెరువుల దీపాలకూ దూరంగా వెళ్లి, లెన్సుకు మంచు పట్టకుండా చూసుకుంటూ, నిమిషానికొకటి చొప్పున వంద ఫొటోలు తీసి కంప్యూటరులో కలిపితే, కంటికి మసక మచ్చలా ఉన్నది వెలుగుల సుడిగా కనిపిస్తుంది.

ఆ వెలుగు అక్కడినుంచి బయలుదేరి దాదాపు 25 లక్షల సంవత్సరాలైంది. సృష్టి వయసు ఆరువేల ఏళ్లేనని సండే స్కూల్లో విన్న కుర్రాడు ఆ ఫొటో తెచ్చి, 'ఏది నిజం పాస్టరు గారూ?' అని అడిగితే ఏం చెబుతాం? బైబిలో, కెమెరానో ఏదో ఒకటే నమ్మమంటే అతణ్ణి మనమే చర్చి గడప దాటించినవాళ్లమవుతాం.

ఆ ఆరువేల ఏళ్ల లెక్క మోషే రాసింది కాదు. ఐర్లండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో సృష్టిని క్రీ.పూ. 4004గా లెక్కగట్టారు. 1701 నుంచి ఇంగ్లీషు బైబిళ్ల అంచుల్లో అచ్చవడంతో చాలామంది దాన్ని వాక్యంగానే భావించారు. దేవుడు వెలుగును దారి మధ్యలోనే సృష్టించాడని కొందరు వాదిస్తారు. 1885లో ఆండ్రోమెడాలో ఒక నక్షత్రం పేలడం భూమ్మీదివాళ్లు చూశారు. ఆ వాదన ప్రకారమైతే అలాంటి నక్షత్రమే లేదు, దాని బొమ్మను మాత్రమే దేవుడు చూపించాడు. అబద్ధమాడనేరని దేవునికి అది తగునా?

మోషే సామాన్యుల కంటికి కనిపించే రీతిగా రాశాడని, ఖగోళశాస్త్రాన్ని నిందించరాదని జాన్ కాల్విన్ తన ఆదికాండ వ్యాఖ్యానంలో ఏనాడో బోధించారు. తూర్పు జ్ఞానులు నక్షత్రాన్ని చూసే ప్రభువును వెదుక్కుంటూ వచ్చారు. మన పిల్లల ప్రశ్నలను అవిశ్వాసమని తోసిపుచ్చక, వారితో కలిసి ఆకాశం చూద్దాం, వారితో కలిసే వాక్యం చదువుదాం.