యంత్రానికి చూపించుకుంటే?

ఒంట్లో బాగుండలేదంటే మనవాళ్ళు అడిగే మొదటి మాట "డాక్టరుకు చూపించుకున్నావా?" అని. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నాకా మాటంటే ఇష్టం. చూపించుకోవడమంటే నొప్పి ఉన్న చోటు చూపడం మాత్రమే కాదు; నమ్మి మనల్ని మనం ఒకరి చేతిలో పెట్టడం. ఇప్పుడు ఆ డాక్టరు ప్రక్కన కృత్రిమ మేధ అనే కొత్త యంత్రం వచ్చి కూర్చున్నది. కొత్తది ఏది వచ్చినా దండలు వేసేవారూ ఉంటారు, దూరంనుంచే దండం పెట్టేవారూ ఉంటారు. మనం ఆ రెండూ చేయక, కాస్త నిదానించి చూద్దాం.

ముందు మేలు సంగతి. మధుమేహం ముదిరితే కంటి లోపలి పొర చెడుతుంది. మొదట్లో రోగికి ఏమీ తెలియదు. తెలిసేసరికి చూపు దెబ్బతిని ఉంటుంది. ఏటేటా పరీక్ష చేయించుకుంటే ముందే పట్టుకోవచ్చు. కాని ప్రతి ఊళ్ళోనూ కంటి నిపుణుడు ఎక్కడ దొరుకుతాడు? గూగుల్ పరిశోధకులు 1,28,175 కంటిపొర ఫోటోలు చూపి కంప్యూటరుకు తర్ఫీదు ఇచ్చి, ఆ ఫలితాలను 2016లో ప్రకటించారు. వాటిలో మన దేశపు కంటి ఆసుపత్రుల ఫోటోలు కూడా ఉన్నాయి. పరీక్షకు నిలబెడితే అది నిపుణులకు దీటుగా చెప్పింది. కళ్ళజోడు మారిస్తే సరిపోతుందిలే అని రోజులు వెళ్ళదీసే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఎందరు లేరు! అలాంటివారికి ఇది చిన్న మేలు కాదు.

అయితే పరిశోధన వేరు, ఊళ్ళో ఆసుపత్రి వేరు. థాయిలాండులో 11 క్లినిక్కులలో ఆ యంత్రాన్ని పెట్టి చూశారు. గదిలో వెలుతురు కుదరక, అయిదింట ఒక వంతుకు పైగా ఫోటోలను అది పనికిరావని త్రిప్పికొట్టింది. పని మానుకొని వచ్చినవాళ్ళు మరోరోజు మరో ఆసుపత్రికి పోవలసి వచ్చింది. ఈ వివరాలు 2020లో అచ్చయ్యాయి.

ఇది కంటికి కనబడే ఇబ్బంది. కనబడనిది మరొకటి ఉన్నది. 1990లలో అమెరికాలో, న్యుమోనియా రోగులలో ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో తేల్చమని పాత రికార్డులను కంప్యూటరుకు అప్పగించారు. అది అన్నీ తిరగేసి చెప్పిన సూత్రాలలో ఒకటి: ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం తక్కువ! ఇంట్లో ఉబ్బసపు మనిషి ఉన్న ఏ ఇల్లాలైనా ఈ మాట విని నవ్విపోతుంది. కాని కంప్యూటరు అబద్ధమాడలేదు. రికార్డులలో అలాగే ఉన్నది. ఉబ్బసం ఉన్నవారికి న్యుమోనియా వస్తే డాక్టర్లు ఆలస్యం చేయక ఇంటెన్సివ్ కేరులో చేర్చి, కనిపెట్టుకొని ఉండేవారు. అందువల్ల వాళ్ళు బ్రతికారు. బ్రతికారన్నది కంప్యూటరుకు తెలిసింది. ఎందుకు బ్రతికారో తెలియలేదు. దాని మాట విని అలాంటివారిని ఇంటికి పంపితే ఏమయ్యేది?

ఆ సూత్రం మనుషులు చదువుకోగల మాటల్లో ఉన్నది గనుక తప్పు దొరికింది. అంతకంటె బాగా లెక్కకట్టిన మరో పద్ధతి కూడా అప్పుడు ఉన్నది. కాని దాని లోపల ఇలాంటి సూత్రాలు ఇంకెన్ని దాగి ఉన్నాయో చదివే వీలు లేదు. అందుకని దాన్ని రోగులమీద వాడకుండా మానుకున్నారు. ఆ వివేకాన్ని మెచ్చుకోవాలి.

2019లో 'సైన్స్' పత్రికలో మరో సంగతి బయటపడింది. అమెరికాలో ఎవరికి అదనపు సాయం కావాలో ఎంచే ఒక పద్ధతి, జబ్బును వైద్యానికయ్యే ఖర్చుతో కొలిచింది. నల్లజాతివారి వైద్యానికి అవుతున్న ఖర్చు తక్కువ. కనుక వారి జబ్బూ తక్కువేనని లెక్క తేల్చింది. ఖర్చు పెట్టనివాడు ఆరోగ్యవంతుడన్నమాట! ఇదే లెక్క మనకూ వేస్తే, ఇంట్లో అందరి జబ్బులూ చూసి తన నొప్పి మాత్రం దాచుకునే తల్లులంతా ఆరోగ్యవంతుల జాబితాకే ఎక్కుతారు.

మరి యంత్రం తప్పు చెబితే జవాబుదారీ ఎవరు? డాక్టరా, ఆసుపత్రా, దాన్ని అమ్మినవారా? వైద్యంలో నిర్ణయం మనుషుల చేతిలోనే ఉండాలనీ, జరిగినదానికి బాధ్యులు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి కూడా ఒక నియమావళి వెలువరించింది. సంతోషమే. కాని అడిగేవారు లేకపోతే ఏ నియమమైనా బీరువాలోనే ఉంటుంది.

యంత్రం వద్దని నేననను. కంటి డాక్టరు లేని ఊళ్ళో అది ఒక చూపు నిలబెట్టినా పుణ్యమే. కాని దాని మాట చేతికి వచ్చినప్పుడు, "డాక్టరుగారూ, దీన్ని మీరు కూడా చూశారా? ఎందుకిలా చెప్పింది? మా అమ్మ ఫోటోలూ వివరాలూ ఎవరి దగ్గర ఉంటాయి?" అని అడగడానికి మొగమాటపడకండి. మంచి డాక్టరుకు ఆ ప్రశ్నలు కోపం తెప్పించవు. తెప్పించాయా, మరో డాక్టరుకు చూపించుకోండి.