పెరటికూరలకు పన్ను తగ్గింపు వలెనా?

బడికో, అనాథాశ్రమమునకో ఇచ్చిన పెరటికూరల వెలను ఆదాయపు పన్నులో ఏల తగ్గింపరని కొందరు తల్లిదండ్రులు అడుగుచున్నారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము, 80జి విభాగమున, ధనరూపమైన విరాళమునకే మినహాయింపు నొసగినది, వస్తుదానమునకు ఒసగలేదు. 2,000 రూపాయలకు మించిన నగదు విరాళమునకును 2017లో ఆ సౌకర్యమును తొలగించిరి.

ఇది అన్యాయమని నేననుకొనను. వ్యవసాయపు రాబడికి ఆ చట్టమే పన్ను విధింపలేదు. పన్నే లేని పంటకు మరల తగ్గింపు కోరుట రెండు మార్లు లాభమడుగుటయే. పైగా గంపెడు బీరకాయలకు వెలకట్టువారెవరు? సంతలో ఉదయమొక ధర, సాయంకాలమొక ధర. దాత చెప్పినదే వెల యైనచో దానము బేరమగును.

అయినను దాతకు గుర్తింపు వలదా? వలెను. 2021లో వచ్చిన పి.ఎం. పోషణ్ పథకము తిథి భోజనమును, బడితోటలను ప్రోత్సహించినది. మన బడిలోను ఒక పుస్తకముంచి, ఏ యింటి నుండి ఏ కూర యెంత వచ్చెనో తూచి, తెలుగులో వ్రాసి, రసీదు నీయవలెను. విద్యార్థులారా! ఆ లెక్క మీరే వ్రాయుడు. గణితము, మాతృభాష రెండును అలవడును.

చెట్టున ముదిరిపోవు బెండకాయ లేతనాడే బడి చేరినచో ఒక బిడ్డ కడుపు నిండును. అంతకు మించిన తగ్గింపు ఏ చట్టమీయగలదు?