పనిమంతునికి రెండవ పరీక్ష

మనిషి ఊరు విడిచితే ఇల్లు మారుతుంది, నీరు మారుతుంది, నాలుక మీది యాస కూడా కొంత మారుతుంది. చేతిలోని పనితనం మాత్రం మారదని మన పెద్దల నమ్మకం. ఉర్దూలో దానినే హునర్ అంటాము. దొంగలు దోచలేనిది, అన్నదమ్ములు పంచుకోలేనిది అని చదువును గూర్చి చెప్పే మాటను మన ఇళ్ళలో హునర్‌కు కూడా అన్వయిస్తారు. అయితే ఈ నమ్మకం సగమే నిజమని మన ప్రాంతం నుండి పరదేశాలకు వెళ్ళిన విద్యుత్ పనివారి అనుభవం చెబుతున్నది. పనితనం చేతిలో ఉంటుంది. దాని చెల్లుబాటు కాగితంలో ఉంటుంది. సరిహద్దు దాటిన తరువాత ఆ కాగితం కూడా ఆ దేశానిదే అయి ఉండాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలకు గల్ఫు దేశాలతో సంబంధం నిన్న మొన్నటిది కాదు. 1973 తరువాత చమురు ధర పెరిగి ఆ దేశాలలో నిర్మాణాలు ముమ్మరమైనాయి. అప్పటి నుండి పాత కరీంనగర్ జిల్లా యువకులు బొంబాయి మీదుగా సముద్రం దాటసాగారు. వారిలో కూలీలతో పాటు మేస్త్రీలు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు కూడా ఉన్నారు. విద్యుత్ పని మన ప్రాంతానికి కొత్తది కాదు. గ్రామీణ విద్యుత్ సరఫరాకై దేశంలో మొట్టమొదట ఏర్పడిన కొద్దిపాటి సహకార సంఘాలలో సిరిసిల్లది ఒకటి. 1970 నుండి అది పనిచేస్తున్నది. మరమగ్గాల మోటార్లు, వ్యవసాయ బావుల మీది పంపుసెట్లు ఎన్నో మోటారు వైండింగు దుకాణాలకు పని కల్పించినాయి. ఆ దుకాణాలలో ఉస్తాదు పక్కన కూర్చుండి పదమూడు పద్నాలుగేళ్ళకే రాగి తీగ చుట్టడం నేర్చిన పిల్లలు ఎందరో! పదవ తరగతి పూర్తి చేసి, ఐ.టి.ఐ.లో రెండేండ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, జాతీయ వృత్తి ధ్రువపత్రం పొందినవారు వేరొక వర్గం.

ఈ ఇద్దరిలో ఎవరి పనితనం గొప్పదన్నది ఇక్కడి ప్రశ్న కాదు. విమానం దిగిన తరువాత ఆ ఇద్దరి దారులు వేరవుతాయన్నదే ప్రశ్న. ఇక్కడ ఊరంతా మేస్త్రీ అని పిలిచిన మనిషి అక్కడ హెల్పరు అవుతాడు. పది మందికి పని చెప్పినవాడు మరొకరికి నిచ్చెన పట్టుకొని నిలబడతాడు. చేసే పని ఎలక్ట్రీషియన్‌దే, ఇచ్చే జీతం కూలీది. ఇక్కడ చేసి వెళ్ళిన అప్పుకు వడ్డీ మాత్రం హెల్పరుకూ మేస్త్రీకీ ఒకటే. తేడా పడిన ఆ జీతంలోనే ఒక చెల్లెలి పెళ్ళి, ఒక తమ్ముని కాలేజీ ఫీజు ఆగిపోతాయి. ఇది మన ఇళ్ళలోని కథ గనుకనే ఈ వార్షిక సంచికలో దీనిని చర్చించడం తగునని భావిస్తున్నాను.

వచ్చినవాడిని మళ్ళీ పరీక్షించడం అవమానమని కొందరు కోపగిస్తారు. ఆ కోపం పూర్తిగా న్యాయమైనది కాదు. విద్యుత్తు ప్రకృతి ధర్మమే గాని, విద్యుత్తును మనిషి ఇంటిలోకి తెచ్చుకునే పద్ధతి దేశాచారం. మన వద్ద మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం రంగుల తీగలు, న్యూట్రలుకు నలుపు వాడుక. బ్రిటనులో 2004 నుండి ప్రవేశపెట్టిన పద్ధతిలో మూడు ఫేజులకు గోధుమ, నలుపు, బూడిద రంగులు, న్యూట్రలుకు నీలం. అనగా మనకు న్యూట్రలైన నలుపు అక్కడ ఫేజు, మనకు ఫేజైన నీలం అక్కడ న్యూట్రలు! అమెరికాలో న్యూట్రలుది తెలుపు. ఇరవై ఏండ్ల అలవాటుతో చేయి తనంతట తానే నల్లని తీగ వైపు పోతుంది. ఆ అలవాటే అక్కడ ప్రాణం తీయవచ్చు.

కరెంటు కూడా అంతటా ఒకటి కాదు. మన వద్ద 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. సౌదీ అరేబియాలో 60 ఆవృత్తులు. పైగా అక్కడ చాలాకాలం ఇండ్లకు 127 వోల్టుల సరఫరా ఉండేది. నాలుగు ధ్రువాల మోటారు లెక్క చూడండి: 50 ఆవృత్తుల మీద దాని సమకాలిక వేగం నిమిషానికి 1500 చుట్లు, 60 మీద 1800 చుట్లు. సిరిసిల్లలో మరమగ్గానికి మోటారు అమర్చిన చేయి ఈ లెక్కను మళ్ళీ నేర్చుకోక తప్పదు. కనుక పరీక్ష ఉండవలసిందే. అది పనివాని ప్రాణానికీ, ఆ ఇంటిలో నిద్రించే పిల్లల ప్రాణానికీ పూచీ.

ఈ పూచీని ఒక్కొక్క దేశం ఒక్కొక్క రీతిగా అడుగుతున్నది. ఆస్ట్రేలియాలో పరదేశపు ఎలక్ట్రీషియన్ నైపుణ్యాన్ని మొదట కొలిచి ఒక పత్రం ఇస్తారు. ఆ పత్రంతో స్వతంత్రంగా తీగ ముట్టుకునే హక్కు రాదు. లైసెన్సుదారుని పర్యవేక్షణలో పనిచేస్తూ, ఆ దేశపు నియమాలను గూర్చిన కొరత శిక్షణ ముగించిన పిమ్మట, ఆయా రాష్ట్రాల నుండి పూర్తి లైసెన్సు పొందవలెను. అమెరికాలో దేశమంతటికీ ఒకే లైసెన్సు లేదు. అనేక రాష్ట్రాలలో సుమారు 8000 గంటల అప్రెంటిసు అనుభవం చూపితేనే పరీక్షకు అనుమతి. మనవారు అధికంగా వెళ్ళే సౌదీ అరేబియా 2021లో వృత్తి నైపుణ్య పరిశీలన కార్యక్రమం ప్రారంభించింది. తరువాత మన దేశంలోనే పరీక్షా కేంద్రాలు ఏర్పడినాయి. ఎలక్ట్రీషియన్ వృత్తి దాని పరిధిలోనిదే. చేతిపనితో పాటు సిద్ధాంత భాగం కూడా ఉంటుంది. ఇదివరకు ఏజెంటు మాట మీద నడిచిన వ్యవహారం ఇక ప్రశ్నపత్రం మీద నడువనున్నది.

మరి అన్యాయం ఎక్కడ ఉన్నది? పరీక్ష పెట్టడంలో లేదు. గడచిన ఏండ్లను సున్నాగా లెక్కించడంలో ఉన్నది. తెలియని పది విషయాలను నేర్పి, తెలిసిన తొంభై విషయాలను గుర్తించడం న్యాయం. తొంభైని కూడా మొదటి నుండి నిరూపించుకొమ్మనడం, ఆ ఖర్చును బీదవాని నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఈ తప్పు పరదేశాలకే పరిమితం కాదు. పదిహేనేండ్లు ఎడారిలో పెద్ద పెద్ద భవనాలకు ప్యానెల్ బోర్డులు బిగించి తిరిగి వచ్చిన మనిషిని మనం ఏమని పిలుస్తున్నాము? ‘గల్ఫు వాపసు’ అంటున్నాము. చేతిలో సర్టిఫికెట్టు లేనందున సొంత ఊరిలో కూడా అతడు మళ్ళీ మొదటి మెట్టు మీదనే నిలబడుతున్నాడు. పూర్వానుభవాన్ని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటు 2015 నుండి కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకంలో ఉన్నది. ఆ సంగతి అతనికి చెప్పవలసిన చదువుకున్నవారే చెప్పకపోతే ఆ పథకం కాగితం మీదనే మిగులుతుంది.

ఇది ఐ.టి.ఐ.ల పని, సాహిత్యమూ చరిత్రా బోధించే కళాశాలకు దీనితో ఏమి సంబంధమని పాలకవర్గంలోని పెద్దలు అడుగవచ్చు. సంబంధం ఉన్నది. ఈ రెండవ పరీక్షలో మన పిల్లలను ఓడించేది తరచుగా తీగ కాదు, భాష. ప్రశ్న అర్థం కాక ఓడినవాడు పని రాక ఓడినవాడితో సమానంగా ఇంటికి వస్తాడు. భాష బోధించడమే మన వృత్తి. పైగా ఉర్దూ, తెలుగు రెండూ బోధించే కళాశాలకు ఉన్న సౌకర్యం ఇతరులకు లేదు. ఉర్దూ చదివిన పిల్లవాడు అరబ్బీ అక్షరాలను కూడబలుక్కొని చదువగలడు. అరబ్బీ బోర్డు మీది ‘ఖతర్’ మన ‘ఖతరా’యే. అరబ్బులు విద్యుత్తును ‘కహరబా’ అంటారు. అది గడ్డిపోచను లాగునది అనే అర్థంగల ఫారసీ మాట నుండి వచ్చింది, తృణమణికి పేరు. ఇంగ్లీషు వారి ‘ఎలక్ట్రిసిటీ’ కూడా తృణమణికి గ్రీకు భాషలోని పేరు నుండే పుట్టింది. మన ‘విద్యుత్తు’, ఉర్దూ ‘బిజ్లీ’ రెండింటికీ మూలం ఒకే సంస్కృత పదం. ఇన్ని భాషల నడుమ తలుపులు తెరచి ఉండగా మన పిల్లలు గోడలకు తలలు కొట్టుకోవడం ఏల?

అందుచేత పాలకవర్గం వారికి మూడు మనవులు. మొదటిది, సాయంకాలం ఒక గంట, కళాశాల విద్యార్థులకే గాక పట్టణంలోని పనివారికి కూడా, వృత్తికి సంబంధించిన ఇంగ్లీషు, అరబ్బీ మాటలు నేర్పే తరగతి నడపాలి. రెండవది, తిరిగి వచ్చిన అనుభవజ్ఞులను నెలకొకసారి పిలిచి, ఆయా దేశాల రంగులు, నియమాలు, పరీక్షల తీరు చెప్పించుకొని తెలుగులోను ఉర్దూలోను చిన్న పుస్తకంగా వేయాలి. మూడవది, దరఖాస్తు నింపడం, ధ్రువపత్రాలు సేకరించడం, ఒప్పందం చదివి వివరించడం వంటి వాటికి గ్రంథాలయంలో వారానికి ఒకరోజు కేటాయించాలి. వీటికి కొత్త భవనం అక్కరలేదు. ఉన్న గదికి దీపం, ఉన్న గురువులకు కొంత ఓపిక చాలు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు వెళ్తారు. మీ అన్నలు కొందరు ఇప్పటికే వెళ్ళినారు. వెళ్ళవద్దని చెప్పే హక్కు నాకు లేదు. వెళ్ళేటప్పుడు పనిని మాత్రమే గాక పనికి సాక్ష్యాన్ని కూడా తీసుకొని వెళ్ళండి. పదవ తరగతి వదలకండి. అది లేనిదే ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు ద్వారం తెరువదు, అది ఉంటే పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ తనిఖీ ముద్ర తొలగుతుంది. ఉస్తాదు వద్ద నేర్చినవారు ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు, ఏయే పనులు చేశారో ఆయనతో వ్రాయించుకొని సంతకం తీసుకోండి. అక్కడ పనిచేసిన ప్రతి కంపెనీ నుండి అనుభవ పత్రం అడిగి తీసుకొనండి. అందులో పని వివరం ఉండాలి. ‘మంచివాడు’ అన్న మాట ఒక్కటే ఉంటే అది ఎందుకూ కొరగాదు.

హునర్‌ను మన పూర్వులు గౌరవించారు గాని దానికి సాక్ష్యం వ్రాసి ఉంచలేదు. చేయి చేసిన పనిని కలం నమోదు చేయకపోతే ఆ పని మరొకని ఖాతాలో పడుతుందని గల్ఫు మనకు యాభై ఏండ్లుగా నేర్పుతున్నది. చేతికి కలం తోడు చేయడమే కళాశాల ధర్మం.