కలిసి చదువుట

విద్య కొందరి సొత్తు కాదు. అది ప్రతి బిడ్డకును పుట్టుకతో వచ్చిన హక్కు. మన దేశమున 6 మొదలు 14 ఏండ్ల వయస్సుగల బాలబాలికల కెల్లరకు ఉచితముగా విద్య నొసగవలెనని 2009లో చట్టమయ్యెను. 2016లో వెలువడిన వికలాంగుల హక్కుల చట్టము మరియొక యడుగు ముందునకు వేసినది. చూపు లేనివారు, వినికిడి లేనివారు, నడువలేనివారు, బుద్ధి మెల్లగా వికసించువారు మున్నగు పిల్లలను పాఠశాలలు భేదము చూపక చేర్చుకొనవలెననియు, తోడి పిల్లలతో కలిపి వారికి చదువు చెప్పవలెననియు, అందులకు వలసిన సదుపాయములు కల్పింపవలెననియు అది శాసించుచున్నది.

చట్టము తలుపు తెరచును. లోనికి వచ్చిన బిడ్డకు చదువు దొరకుటయు, దొరకకపోవుటయు బడి చేతిలో నున్నవి. పేరు హాజరుపట్టీ కెక్కినంత మాత్రమున చదువు రాదు. అతిథిని పంక్తిలో కూర్చుండబెట్టి విస్తరి వేయకుండుట యెట్టిదో, బిడ్డను తరగతిలో కూర్చుండబెట్టి అతని కందురీతిని పాఠము చెప్పకుండుటయు అట్టిదే. ఒకే గదిలో నుండుట వేరు, కలిసి చదువుట వేరు. ఈ భేదమును గ్రహించుటకు ఇద్దరి చరిత్రలు చాలును.

ఫ్రాన్సు దేశములో పారిసు నగరమునకు చేరువనున్న ఒక పల్లెలో 1809లో లూయీ బ్రెయిలీ జన్మించెను. అతని తండ్రి గుఱ్ఱములకు జీనులు కుట్టువాడు. మూడేండ్ల వయస్సున తండ్రి పనిముట్టుతో ఆడుకొనుచుండగా బాలుని కంటికి గాయమై, క్రమముగా రెండు కన్నులును పోయెను. ఐనను అతడు ఊరిబడిలో తక్కిన పిల్లలతోపాటు కూర్చుండి, పాఠములు విని నేర్చుకొనెను. వినుటకు చెవులుండెను గాని, చదువుటకును వ్రాయుటకును అచట సాధనము లేకపోయెను. పదేండ్ల వయస్సున పారిసులోని అంధుల పాఠశాలకు చేరిన పిదప, 1824 నాటికి ఆరు చుక్కల లిపిని తానే రూపొందించెను. వ్రేలికొనతో తడవి చదువదగిన ఆ లిపి నేడు లోకమంతట వ్యాపించినది. మన తెలుగును దానిలో చదువవచ్చును.

రెండవ చరిత్ర మన నేలదే. మచిలీపట్నము సమీపముననున్న సీతారామపురమున ఒక రైతు కుటుంబములో చూపు లేకుండ పుట్టినవాడు బొల్లా శ్రీకాంత్. ఊరిబడిలో అతడు చివరి బల్లపై ఒంటరిగా కూర్చుండెడివాడు. ఆటలలో అతనిని చేర్చుకొనువారు లేరైరి. హైదరాబాదులోని అంధుల పాఠశాలలో చేరిన తరువాతనే అతని ప్రతిభ వెలికివచ్చెను. పదవ తరగతి ముగిసిన పిదప విజ్ఞానశాస్త్రము చదువగోరగా, చూపు లేనివారికి అందులకు నియమము లొప్పవనిరి. అతడు న్యాయస్థానము నాశ్రయించి ఆ హక్కును సాధించెను. పుస్తకములలోని పాఠములను శబ్దరూపమున విని చదివి, పండ్రెండవ తరగతిలో నూటికి 98 మార్కులు పొందెను. అనంతరము అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, స్వదేశమునకు మరలి, 2012లో ఒక పరిశ్రమను స్థాపించి, అంగవైకల్యముగల పెక్కుమందికి పని కల్పించెను.

ఈ చరిత్రలు విన్నవారు, "ప్రత్యేక పాఠశాలలే మేలు కదా! ఊరిబడిలో కలుపుట యెందుకు?" అని అడుగవచ్చును. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. చుక్కల లిపిని, సంకేతభాషను నేర్పగల గురువులు ప్రత్యేక పాఠశాలలయందే ఎక్కువగా నుందురు. అరువదిమంది పిల్లలు గల తరగతిలో ఒక్క ఉపాధ్యాయుడు అందరి అవసరములను కనిపెట్టుట సులభము కాదు. కనుకనే చట్టము కూడ అట్టి పాఠశాలలను నిషేధింపలేదు. కాని ప్రత్యేక పాఠశాల ప్రతి యూరను ఉండదు. దానికై పసిబిడ్డ తల్లిని, ఇంటిని, ఊరిని విడువవలసి వచ్చును. అంతేకాక, చదువు ముగించుకొని వెలుపలికి వచ్చినప్పుడు అతడు బ్రతుకవలసినది అందరి నడుమనే. ఆ అందరును అతనిని బాల్యమున ఎన్నడును చూడనివారైనచో, అతడు వారికి క్రొత్తవాడే యగును. కాబట్టి బిడ్డను నేర్పున్న చోటికి పంపుట కంటె, నేర్పును బిడ్డయున్న చోటికి తెచ్చుట మేలు. తెలుగునాట మండలములందు నెలకొల్పిన 'భవిత' కేంద్రముల ఉద్దేశమును ఇట్టిదే.

ఆ నేర్పులో చాలభాగము వ్యయము లేనిది. నల్లబల్లపై వ్రాయునది పైకి చదివిన, చూపు లేని బాలునికి పాఠము అందును. పిల్లలవైపు ముఖము త్రిప్పి మాటలాడిన, వినికిడి తక్కువైన బాలిక పెదవుల కదలికనుబట్టి గ్రహించును. గుమ్మము 1 అడుగు ఎత్తున్నచో 12 అడుగుల పొడవున వాలుదారి కట్టిన, చక్రముల కుర్చీ లోనికి వచ్చును. పాఠమును చిన్న చిన్న భాగములుగా విడదీసి చెప్పిన, మెల్లగా గ్రహించువాడును గ్రహించును. అట్టి పాఠము తక్కినవారికిని తేటపడుననుట అనుభవము గల గురువులెల్ల ఎరిగినదే.

పరీక్షలలో వ్రాయుట కష్టమైనవారికి గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలమీయవలెనని 2018లో కేంద్రప్రభుత్వము సూచించెను. ఇది అన్యాయమని కొందరు విద్యార్థులు గొణుగుట కలదు. కన్నులకు అద్దములు పెట్టుకొని పరీక్ష వ్రాయువానిని మోసగాడని ఎవరైన నందురా? అద్దములు అతనికి తెలియని జవాబును తెలుపవు. తెలిసినదానిని వ్రాయనిచ్చును. అదనపు కాలమును అంతే.

గురువు చేయవలసినది గురువు చేసినను, మిగిలిపోవు భాగమొకటి కలదు. అది తోడి విద్యార్థులది. కాలి నడకను బట్టియో, కంటి చూపును బట్టియో ఒకనికి పేరు పెట్టి పిలుచుట క్రౌర్యము. వంకర దేహమును చూచి జనకుని సభలోనివారు నవ్వగా, అష్టావక్రుడు చర్మమును చూచి మనిషిని కొలుచు వారి యవివేకమును ఎత్తిచూపెనను కథ లోకప్రసిద్ధము. అతడు పండిత సభలో తనకు తానే సమాధానము చెప్పుకొనగలిగెను. బడిలోని పసివానికి ఆ శక్తి యుండకపోవచ్చును. అప్పుడు వాని పక్షమున మాటలాడవలసినవాడు ప్రక్క బల్లపై నున్న మిత్రుడే.

ఎగతాళి వలె జాలియు హాని చేయును. అడుగకయే అన్నియు చేసిపెట్టువాడు, "నీ వల్ల కాదు" అని చెప్పకయే చెప్పుచున్నాడు. "సాయము కావలెనా?" అని యడిగి, వలదన్నచో ఊరకుండుటయే మర్యాద. చూపు లేనివానికి గజ్జెలు కట్టిన బంతిని విసిరి, "పట్టుకో!" అనువాడు నిజమైన స్నేహితుడు. పట్టుకొనలేకపోయినచో, అందరితోపాటు అతడును ఆట ఓడును. ఆ ఓటమిలోను సమానత్వము కలదు.

మొక్కయై వంగనిది మానై వంగదు. ఎనిమిదవ తరగతిలో తోడివానితో బల్ల పంచుకొనుట నేర్చినవాడు, రేపు కార్యాలయమున అధికారియైనప్పుడు వాలుదారి లేని కట్టడమునకు అనుమతి వ్రాయుటకు వెనుదీయును. నియమము లొప్పవని మరియొక బాలుని న్యాయస్థానము మెట్లెక్కింపడు. కలిసి చదువుట అంగవైకల్యముగల బిడ్డకు చదువు నిచ్చును. తక్కినవారికి, ఏ పుస్తకమును నేర్పలేని మనిషితనము నిచ్చును.