అగరు ధూపం: దివ్యత్వం ఎక్కడిది?

అగరు పొగ దేవతలకు ప్రీతికరమనీ, అది సోకిన చోట దుష్టశక్తులు నిలవవనీ ఆసియాలో అనేక మతాలవారు శతాబ్దాలుగా నమ్ముతూ వచ్చారు. అయితే ఆ పరిమళానికి ఆధారమైన పదార్థం చెట్టుకు వచ్చిన జబ్బు ఫలితం. అస్సాం మొదలుకొని ఇండోనేషియా దీవుల వరకు పెరిగే ఆక్విలేరియా ప్రజాతి వృక్షాలలో ఆరోగ్యంగా ఉన్న కలప లేత రంగులో, తేలికగా, దాదాపు ఏ వాసనా లేకుండా ఉంటుంది. కాండాన్ని పురుగు తొలిచినప్పుడో, కొమ్మ విరిగినప్పుడో ఆ గాయంలోకి శిలీంధ్రం, అంటే బూజు వర్గానికి చెందిన జీవి, ప్రవేశిస్తే దానిని అడ్డుకోవడానికి చెట్టు ఉత్పత్తి చేసే జిగురు ఏళ్ల తరబడి కలపలో పేరుకొని దానిని నల్లబరచి, మేలురకమైతే నీటిలో మునిగేంతగా బరువెక్కిస్తుంది. ఆ నల్లబడిన భాగమే అగరు. నేటి తోటలలో రైతులు కాండానికి రంధ్రాలు చేసి శిలీంధ్రాన్ని ఎక్కించి ఇదే ఫలితాన్ని రాబట్టుకుంటున్నారు కనుక దీని పుట్టుకలో దైవానుగ్రహానికి చోటు వెదకనవసరం లేదు.

చెట్టును ఎన్నడూ చూడనివారి కథలలో అగరు నీటి మీద తేలివస్తుంది. 13వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ వెంట ఈజిప్టు దండయాత్రకు వెళ్లిన జ్వాన్‌విల్ ప్రభువు, రాత్రి నైలు నదిలో వల వేసి ఉంచితే తెల్లవారేసరికి అల్లం, దాల్చినచెక్కలతోపాటు అగరు కూడా దొరుకుతుందనీ, అవన్నీ భూలోక స్వర్గం నుంచి కొట్టుకువస్తాయనీ రాశాడు. జపాన్ రాజచరిత్ర అయిన నిహోన్ షోకి, 595లో అవాజి ద్వీపానికి కొట్టుకువచ్చిన దుంగను అక్కడివారు మామూలు వంటచెరకుగా భావించి కాల్చగా సువాసన దూరదూరాలకు వ్యాపించిందని చెబుతుంది. రెండు దేశాలకూ ఈ సరుకు నిజంగానే నీటిమార్గాన వచ్చింది, కాని ఓడలలో వచ్చింది. మధ్యనున్న వర్తకులు లెక్కకు రానందువల్ల ఆ ఖాళీని స్వర్గం భర్తీ చేసింది. చెట్టు పెరిగే కామరూపానికి, అంటే నాటి అస్సాంకు, ఇరుగుపొరుగున ఉన్న రాజ్యాలలో ఇంతటి అద్భుతం కనబడదు. కౌటిల్యుని అర్థశాస్త్రం అగరును రకాలుగా విడదీసి, ఖజానాకు చేర్చదగిన సరుకుగా వర్ణిస్తుంది. బాణుని హర్షచరితంలో కామరూప రాజు భాస్కరవర్మ హర్షునికి పంపిన కానుకలలో నల్ల అగరు ఒకటి. తెలుగు తీరంలో 1244 నాటి మోటుపల్లి శాసనం ద్వారా కాకతీయ రాజు గణపతిదేవుడు చందనం, కర్పూరం వంటి సుగంధద్రవ్యాలకు సుంకం నిర్ణయించాడు. పూజామందిరం చేరేదాకా ధూపద్రవ్యం పన్ను కట్టవలసిన సరుకే.

అడవిలో చెట్టును కళ్లారా చూసేవారు మూఢాచారాలకు అతీతులని కూడా అనుకోరాదు. మలయా ద్వీపకల్పంలో అగరు, కర్పూరం సేకరించేవారు అడవిలో ఉన్నంతకాలం కొన్ని ఆహారాలనూ కొన్ని మాటలనూ నిషిద్ధంగా పాటించేవారు. కర్పూర సేకరణకైతే ప్రత్యేకమైన మారుభాషే ఉండేది. ట్రోబ్రియాండ్ దీవులవారు నిశ్చలమైన ఉప్పుటేరులో చేపలు పట్టేటప్పుడు మంత్రతంత్రాల జోలికి పోరనీ, ప్రమాదకరమైన నడిసముద్రంలోకి పోయేటప్పుడే వాటిని ఆశ్రయిస్తారనీ మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1925లో చేసిన పరిశీలన ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. ఏ కాండంలో అగరు ఉందో పైనుంచి తేల్చడం కష్టం కాబట్టే నిషేధాలు పుట్టాయి. అవి ఏమీ తేల్చలేకపోయాయి కాబట్టే, అనుభవం కూడా చాలని చోట, అగరు లేని చెట్లు సైతం గొడ్డలికి బలయ్యాయి. ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం 1995లో ఆక్విలేరియా మలాక్సెన్సిస్‌ను, 2005లో మొత్తం ప్రజాతిని తన పరిధిలోకి తెచ్చింది.

ఈలోగా పూజలో ఒక మార్పు సద్దు లేకుండా జరిగిపోయింది. నేడు ఇళ్లలో వెలిగించే అగరువత్తులలో అత్యధికం వెదురు పుల్ల మీద బొగ్గుపొడి, జిగట బెరడుపొడి పూసి కృత్రిమ పరిమళంలో ముంచినవే. అసలు అగరు ధరకూ వాటి ధరకూ పొంతన లేదు. దేవతకు ప్రత్యేకంగా అగరే ఇష్టమైన పక్షంలో ఇది పెద్ద అపచారం కావాలి, కాని ప్రాయశ్చిత్తం విధించిన పండితుడెవరూ కనబడడు. దైవప్రీతి అంగడి ధరకు తగినట్లు సర్దుకొన్నదన్నమాట.

పొగ గాలిని శుద్ధి చేస్తుందన్న వాదం మాత్రం అలాగే నిలిచి ఉంది. దుర్వాసనే రోగకారణమని చాలాచోట్ల వైద్యులు భావించిన కాలానికి అది అతికేది. సూక్ష్మజీవుల సంగతి తెలిసిన తరువాత సువాసన కమ్మినంత మాత్రాన గాలి శుభ్రపడిందనుకోవడానికి ఆధారం లేదు. పైగా సింగపూర్‌లో 61,320 మంది చైనీయులను ఏళ్ల తరబడి గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, దీర్ఘకాలం ఇంట్లో ధూపం వాడినవారిలో ముక్కు, గొంతు వంటి ఎగువ శ్వాసమార్గపు క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. అసలు అగరైనా, నకిలీ పరిమళమైనా మూసిన గదిలో మండితే సూక్ష్మధూళి కణాలను వెలువరిస్తుంది, అవి ఊపిరితిత్తుల లోతులకు చేరతాయి.